మనది కాని ఉడత

సిత్రా,
6 మార్చి 1998

మల్లక్కా,

తప్పు చేసినవాడు దామోదర్. ఇకమీద ఆయన్ని 'గారు' అనను. చేసిన తప్పు: చీకటి పడితే తప్ప కళ్లు విప్పని ఒక మూగజీవాన్ని మిట్టమధ్యాహ్నం డాబా మీంచి పెరట్లోకి విసిరి, కింద కుర్చీల్లో బిర్యానీ తింటున్న చుట్టాలచేత, స్నేహితులచేత చప్పట్లు కొట్టించుకోవడం. సాక్షిని నేనే.

నిన్ను చూద్దామని అప్పాజీ నడిపే గ్యాసు సిలిండర్ల బండెక్కి ఇవాళ అవాలి వచ్చిన పాపానికి ఇది చూడాల్సి వచ్చింది. నువ్వు వంట చేసే ఇల్లు కదా, చదువుకున్న ఆయిలు కంపెనీ ఇంజనీరు ఇల్లు కదా, ఈ అరబ్బు దీవిలో మనవాళ్లు కదా అనుకున్నాను. పిడికెడంత ప్రాణి అక్కా! గాల్లో చేతి మణికట్టు నుంచి కాలి మడమ దాకా చర్మం దుప్పటిలా విప్పుకుంది. తోకతో దారి తిప్పుకోబోయింది. ఎండకి కళ్లు చీకట్లు కమ్మి కారు అద్దానికి కొట్టుకుంది. అందరూ "అబ్బ, ఎంత బాగా ఎగిరిందో" అన్నారు. ఆయన కూతురు స్పందన ఒక్కతే ఏడ్చింది. నువ్వు పరుగెత్తి కొంగులోకి తీసుకున్నావు. నేను వెనక గుమ్మంలో నోట్లో ముద్దతో నిలబడిపోయాను. మా కూలీల క్యాంపుకి చేరేదాకా ఆ ముద్ద మింగుడు పడలేదు.

అదేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. అది మన మారేడుమిల్లి అడవిలో ఎగిరే ఉడత. తాతతో వెదురుకి వెళ్లినప్పుడు చూశానని చెబితే చిన్నప్పుడు నువ్వు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతావా? మన్యం నుంచి వెదురు పోయింది, కలప పోయింది, ఇప్పుడు ఉడతలు కూడా విమానమెక్కి పోతున్నాయి. ఇది ఒక్క ఉడత సమస్య కాదు. అడవి ఎవరిది అన్న సమస్య. నా పెట్టెలో ఉన్న చిన్న పుస్తకాల్లో ఇదంతా రాసి ఉంది. నువ్వేమో వాటిని పకోడీల పొట్లాలకి పనికొస్తాయన్నావు.

కార్బన్ పేపరు పెట్టి కరపత్రం రాశాను. పేరు: 'మన్యం బిడ్డకు విముక్తి'. క్యాంపులో ప్రతి గదికీ ఒకటి పంచాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. పంజరం తలుపు తియ్యి.

నీ తమ్ముడు,
వీరబాబు


అవాలి,
10 మార్చి

ఒరేయ్ వీరబాబూ,

అప్పాజీ నీ ఉత్తరాన్ని గ్యాసు బండ కింద పెట్టి తెచ్చాడు. సగం అక్షరాల్ని తుప్పు తినేసింది. మిగిలిన సగానికే నాకు తలనొప్పి వచ్చింది. ఫోను చేసి తిడదామంటే కనకదుర్గ మేడం ఫోనుకి చిన్న తాళం వేసి ఉంచుతుంది. అందుకని రాతలోనే తిడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

తలుపు తియ్యమన్నావు. తీస్తే ఎక్కడికెళ్తుందిరా? బయట ఏముంది? ఇసక, ఆయిలు గొట్టాలు, మేడం గులాబీలు, పక్కింటి పిల్లి. విముక్తి అని కరపత్రం రాసే ముందు పిల్లిని కూడా ఒక మాట అడగాల్సింది.

అవి ఒకటి కాదు, రెండు. స్పందన పుట్టినరోజుకని సార్ బజారుకెళ్లి సీఫ్‌లో పక్షుల షాపు నుంచి తెచ్చారు. చిలక పంజరంలో పెట్టారు. పగలంతా సార్ మంకీక్యాప్‌లో ఒకదానిమీద ఒకటి ముడుచుకుని పడుకుంటాయి. నేను రాత్రి వంటకి ఉల్లిపాయలు తరిగే వేళకి లేస్తాయి. ఆడదాని పేరు చిక్కి. నువ్వు చూసింది దాన్నే. ఒక గోరు ఊడింది, పసుపు పెట్టాను, బాగానే ఉంది. మగదాన్ని నేను బట్టతలాయన అంటాను. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలే లేవు. చూడగానే తెలిసిపోయింది, పేనుకొరుకుడు. మన సూరి మావయ్యకి వచ్చినట్టే. రోజూ ఉల్లిపాయ రసం రుద్దుతున్నాను.

ఇంకో మాట. సార్‌ని అంత రాక్షసుణ్ణి చెయ్యకు. ఆ రోజు అందరూ వెళ్లిపోయాక పంజరం పక్కన పీట వేసుక్కూచుని, "నాకేం తెలుసు మల్లేశ్వరీ, ఎగురుతాయని షాపువాడు చెప్పాడు, ఎగరేశాను" అన్నారు. మొహం చూస్తే నాకే జాలేసింది. తెలివితక్కువతనానికి, దుర్మార్గానికి తేడా మీ పుస్తకాల్లో రాయలేదా?

డ్యూటీలో బెల్టు కట్టుకో. ఆయిలు ట్యాంకు చుట్టూ మీరు కట్టే పరంజా పైపులెక్కి ఉడతల గురించి ఆలోచించకు.

మల్లేశ్వరి


సిత్రా,
13 మార్చి

అక్కా,

ఉల్లిపాయ రసమా! నేను విజ్ఞానం, విముక్తి అంటుంటే నువ్వు ఉల్లిపాయ రసం అంటావా? సూరి మావయ్యకి దానితో ఒక్క వెంట్రుకైనా మొలిచిందా? చచ్చేదాకా తలపాగా చుట్టుకునే తిరిగాడు కదా!

ఇక్కడి సంగతి విను. కరపత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. మారేడుమిల్లి అనగానే మన గోదావరి వాళ్లందరికీ ఉడుకొచ్చింది. కాకినాడ అతనొకడు, "మనూరి ఉడతని ఎగరేసి ఆడుకుంటారాండీ? ఆయ్, తేల్చేద్దామండి" అన్నాడు. జీవితంలో అడవి మొహం చూడనివాళ్లు కూడా పళ్లు కొరికారు. జగిత్యాల పోశన్న మాత్రం పై బంకు మంచం మీంచి, "ఏందిరా వీరబాబూ, మొన్న కూలర్ చెడిపోయింది, క్యాంపు బాసు కాడికి పోదాం రమ్మంటే ఒక్కడు రాలే. ఉడుత అంటే మీదికి ఉరుకుతున్రు. మేం గూడ తోకలు పెట్టుకోవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ.

మేస్త్రి సోమరాజు బాబాయి నన్ను పక్కకి పిలిచి, "ఒరే, దేశం కాని దేశంలో పదిమంది ఒకచోట గుమిగూడితేనే అనుమానంగా చూస్తారు. ఉడత కోసం మనకి వీసా ఇచ్చిన కఫీల్‌తో తిట్లు తినిపిస్తావా?" అన్నాడు. ఉడత కోసం నిలబడనివాడు మనిషి కోసం నిలబడతాడా అని అడిగాను. బీడీ పారేసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ మొదటి శుక్రవారం మీ తెలుగు కుటుంబాల ఉగాది ఫంక్షన్‌లో స్టేజీ మీద ఆ జీవాల్ని చూపిస్తారట కదా, అప్పాజీ చెప్పాడు. మేం హాలు బయట నిలబడతాం. చేతుల్లో అట్టలు. 'మన మన్యం మనకు కావాలి.' అరవం. నిలబడతాం, అంతే. ఆపకు.

వీరబాబు


అవాలి,
5 ఏప్రిల్

తమ్ముడూ,

మీరెవరూ హాలు దగ్గరికి రాలేదు. అందరికీ డ్యూటీ వేశారని అప్పాజీ చెప్పాడు. రాకపోవడమే మంచిదైంది. ఎందుకో వరసగా చెబుతాను. మధ్యలో ఎగిరిపడకుండా చివరిదాకా చదువు.

మొదటిది. అది మన మారేడుమిల్లిది కాదు. ఉడతే కాదు. చిక్కి కడుపు మీద సంచీ ఉందిరా. మొన్న నా చేతిమీద పాకుతుంటే చూశాను. చొక్కా జేబులాంటి సంచీ. లోపల చిక్కుడుగింజంత ఏదో కదిలింది. స్పందన వాళ్ల సైన్సు టీచరమ్మ ఆస్ట్రేలియా ఆవిడ. ఈ పిల్ల వెళ్లి అడిగితే అంతా చెప్పిందట. ఇవి వాళ్ల దేశపు అడవుల్లోవి. కంగారూల దగ్గరి బంధువులు. తొర్రలో ఆరేడు కలిసి ఉండలా పడుకుంటాయి. పొద్దుగూకాక లేచి తుమ్మచెట్ల బెరడు కొరికి బంక నాకుతాయి, పూలలో తేనె తాగుతాయి, పురుగుల్ని తింటాయి. చెట్టు మీంచి చెట్టు మీదికి గాల్లో జారుకుంటూ వెళ్తాయి, పనిపడితే తప్ప నేల తొక్కవు. ఒక్కటే ఉంటే దిగులుతో తిండి మానేస్తాయట.

రెండోది. ఆ బట్టతల పేనుకొరుకుడు కాదు. మగవాటికి అలాగే ఉంటుందట. ఆ నున్నటి చోటునుంచే వాటి వాసన వస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్లందరికీ రుద్దుతుంది, నువ్వు మనదానివి అని. నేను దాని మీద రోజూ ఉల్లిపాయ రుద్దాను. చిక్కికి మొగుడి వాసన తెలియలేదు. ఎవడో పరాయివాడు పక్కలోకి వచ్చాడనుకుని కాటు వేసింది. రాత్రంతా రెండూ పాడైపోయిన మోటారులా గర్ర్‌గర్ర్‌మని అరుచుకున్నాయి. మేడం నిద్రలేదని గోల. "వీటికి పడట్లేదు, తీసెయ్యండి" అంది. సార్ బట్టతలాయన్ని సీఫ్ షాపులో తిరిగి ఇచ్చేసి వచ్చారు. టీచరమ్మ మాట మర్నాడు తెలిసింది. నువ్వు నన్ను ఏమన్నా అను, పడతాను.

మూడోది. స్పందన ఉగాది ఫంక్షన్‌కి వెళ్లనంది. పట్టులంగా కట్టుకుని మరీ మంచం కింద దూరింది. సార్ ఒక్కరే వెళ్లి, స్టేజీ మీద ఏదో రెండు ముక్కలు మాట్లాడి వచ్చేశారు.

నాలుగోది. మగడు పోయినరోజు నుంచి చిక్కి పొద్దుగూకగానే చిన్న కుక్కపిల్ల మొరిగినట్టు పిలుస్తుంది. ఆగుతుంది. వింటుంది. మళ్లీ పిలుస్తుంది. తిండి ముట్టదు. ఈ ఊళ్లో ఏసీ మన చేతిలో ఉండదు కదా, కంపెనీ గొట్టాల్లోంచి వస్తూనే ఉంటుంది. పంజరమేమో సరిగ్గా ఆ గాలి కిందే. నిన్న పొద్దున చూస్తే చల్లగా, బిగుసుకుపోయి ఉంది. "పాపం, పోయింది. చెత్తబుట్టలో వెయ్యి, పాప లేవకముందే" అంది మేడం. చేతిలోకి తీసుకున్నాను, బుట్ట దాకా వెళ్లాను, వెయ్యలేకపోయాను. జాకెట్టులో వేసుకుని ఉప్మా కలియబెట్టాను. పోపు చిటపటలాడుతుండగా గుండెల మీద కసుక్కున కొరికింది. అంత తియ్యటి కాటు నేనెప్పుడూ తినలేదురా.

బతికింది. ఎన్నాళ్లో తెలియదు.

మల్లేశ్వరి


సిత్రా,
7 ఏప్రిల్

అక్కా,

అందింది.

మనది కాదన్న సంగతి అప్పాజీ గేటు దగ్గరే అందరికీ చెప్పేశాడు. మెస్సులో పప్పు వడ్డించేవాడు కూడా, "ఏమండీ ఉడత లీడరు గారూ, ఆస్ట్రేలియా వాళ్లకి ఇంకో కరపత్రం రాస్తారా?" అన్నాడు. పోశన్న అయితే నా బంకుకి తోకలాగా గోనెసంచి ముక్క కట్టాడు. కాకినాడ అతను నా కరపత్రం చేతికి తిరిగి ఇచ్చేశాడు, అంతే. దానికన్నా తిట్టినా బాగుండేది.

అన్నీ చింపేశాను. వాళ్ల అడవి, వాళ్ల జంతువు, వాళ్లే చూసుకుంటారు. మనకెందుకు? నాకు ఓవర్‌టైం ఉంది.

వీరబాబు


అవాలి,
10 ఏప్రిల్

వీరబాబూ,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను. మేడం చేత తిన్న చివాట్లు నీ ఖాతాలోవే.

మనకెందుకా? మొన్న ఆగస్టులో ట్యాంకు మీద వడదెబ్బకి నువ్వు కళ్లు తిరిగి వేలాడుతుంటే భుజాన వేసుకుని నిచ్చెన దింపిన ఆ బలూచీ వెల్డరు, "నీది ఏ ఊరు?" అని అడిగాకే దింపాడా? నా దేశంవాడు కాదు, నాకు ఓవర్‌టైం ఉంది అన్నాడా? పెద్దపెద్ద మాటలు రాసేటప్పుడు నీ చెయ్యి వణకలేదు. 'మూగజీవం' అని రాశావే, అది మారేడుమిల్లిదైతేనే మూగదా? మన ఊరి పేరు చెరిపేసేసరికి నీ జాలి కూడా చెరిగిపోయిందేంట్రా?

నేనూ తెలియక చేశాను, నువ్వూ తెలియక అరిచావు. ఎవరి సిగ్గు వాళ్లకుంది. సిగ్గుపడి కూర్చుంటే చిక్కి తింటుందా?

ఇప్పుడు చెబుతున్నది జాగ్రత్తగా విను. నిన్న సార్‌ని వంటింటి గుమ్మంలో ఆపాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా ఆపలేదు. "అయ్యగారూ, బట్టతలాయన్ని తెచ్చెయ్యండి" అన్నాను. ఆయన నేల చూస్తూ, షాపుకి వెళ్లి చూసి వచ్చానన్నారు. గాజుపెట్టెలో, ట్యూబులైటు కింద, మూలకి తిరిగి కూర్చుని ఉందట. కూతురు మాట్లాడటం మానేసిందిగా, ఆయన కూడా అలాంటి గాజుపెట్టెలోనే ఉన్నట్టున్నారు. "తెస్తాను మల్లేశ్వరీ. కానీ దుర్గ ఆ చిలక పంజరాన్ని ఇంట్లో ఉండనివ్వనంటోంది. రెండూ కలిసి ఎగరడానికి ఎత్తయిన గూడు కావాలని టీచరు చెప్పింది. అంతంత గూళ్లు ఇక్కడ దొరకవు. వెనక వరండా ఖాళీయే కదా, ఏసీ గాలి కూడా అంతగా రాదు. ఎవరైనా కట్టేవాళ్లుంటే కట్టించు. పందొమ్మిదో తేదీ ఆదివారం నాటికి గూడు లేచిందా, అదే రోజు సీఫ్ వెళ్లి తీసుకొస్తాను. లేవకపోతే ఇంక నావల్ల కాదు, చిక్కిని కూడా ఆ షాపులోనే ఇచ్చేస్తాను, ఎవరో ఒకరు కొనుక్కుంటారు" అన్నారు.

ఎవరో ఒకరు అంటే తలో ఇంటికి ఒకటి. దాని కడుపు మీది సంచీలో పిల్ల. నిన్న సంచీలోంచి తోక బయటికి వచ్చింది, దారప్పోగులా. నాకు తెలిసి ఎత్తుగా కట్టడం వచ్చినవాళ్లు ఈ దీవిలో ఒక్కచోటే ఉన్నారు. పొద్దున లేస్తే పైపులు, క్లాంపులు తప్ప వేరే లోకం తెలియనివాళ్లు.

గూడు సంగతి స్పందన అడిగి రాసింది, నేను చెబుతున్నాను: నా ఎత్తుకన్నా ఎత్తుండాలి. ఇనప జాలీ కన్నాలు నా బొటనవేలు దూరనంత చిన్నవి. రంగు పుయ్యకూడదు, కొరుకుతాయి. లోపల నిజం కొమ్మలు, తుమ్మవైతే ఇంకా మంచిది. మంకీక్యాప్ వేలాడదీయడానికి పైన ఒక కొక్కెం.

ఇక నీ ఇష్టం. చిక్కి ఇప్పుడు కూడా పిలుస్తోంది. నేను రాయడం ఆపి విన్నాను. నువ్వు కూడా ఒక నిమిషం ఆగి విను.

మల్లేశ్వరి


సిత్రా,
14 ఏప్రిల్

మల్లక్కా,

నీ ఉత్తరం గదిలో గట్టిగా చదివాను. తిట్లతో సహా. వడదెబ్బ దగ్గరికి వచ్చేసరికి కాగితం కింద పెట్టేశాను. మిగతాది సోమరాజు బాబాయి అందుకుని చదివాడు. చదివాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మీ అక్క ఎత్తు చాలదురా, పన్నెండు అడుగులు వేద్దాం. వరండా కప్పు ఎంతెత్తో కనుక్కో" అన్నాడు. గుమిగూడితే అనుమానపడతారన్నావుగా అని అడిగాను. "పని చేస్తుంటే ఎవడు అనుమానపడతాడురా, ఊరికే నిలబడితే గదా!" అన్నాడు. స్టోర్ కీపర్ని అడిగి స్క్రాప్ గుట్టలో వంగిన పైపులు, మిగిలిపోయిన జాలీ తీసుకోవడానికి ఒప్పించింది కూడా ఆయనే.

బలూచీ భాయ్‌కి సంగతి హిందీలో చెప్పాను. సంచీ మాట చెబితే నమ్మలేదు. నా జేబులో చెయ్యి పెట్టి చూపించాను. పడిపడి నవ్వి, "ఉడత ఎవరిదైతే ఏంటి భాయ్, వెల్డింగ్ నాది. యల్లా, పదండి!" అన్నాడు. అప్పాజీ శనివారం గ్యాసు ట్రిప్పులో ముక్కలన్నీ తెస్తాడు. నేను, బాబాయి వచ్చి వరండాలో నిలబెడతాం. వరండా కప్పు కొలిచి అప్పాజీకి చెప్పు. తుమ్మకొమ్మలు దారిలో కోసుకొస్తాం. కనకదుర్గ మేడానికి ముందే చెప్పు, బూట్లు గుమ్మం బయటే విప్పుతాం. దామోదర్ గారికి కూడా చెప్పు. ఈసారి 'గారు' కావాలనే రాశాను.

పోశన్న నా బంకు తోక విప్పలేదు. కానీ తన వైరు కటింగ్ ప్లయర్ తెచ్చి నా దిండు కింద పెట్టాడు. "గీ ప్లయర్ నాదే, పోగొట్టకు లీడరూ" అన్నాడు.

ఉల్లిపాయ ముట్టిన చేత్తో బట్టతలాయన్ని మాత్రం ముట్టుకోకు తల్లీ. దణ్ణం పెడతాను.

కొత్త కరపత్రం రాశాను. నిన్నటి నుంచి గదులన్నిటికీ తిరుగుతోంది. ఒక కాపీ నీకు కూడా. పకోడీలు చుట్టేముందు ఒకసారి చదువు.

'తోటి కార్మికులారా!

తప్పు ఇది: చెట్ల కొసల మీద బతికే ప్రాణుల్ని చిలక పంజరంలో పెట్టడం. చేసినవాళ్లు: పట్టినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, చప్పట్లు కొట్టినవాళ్లు, ఉల్లిపాయ రుద్దిన మా అక్క, మనది కాదని తెలియగానే చేతులు దులుపుకున్న నేను. అది మన ఊరిది కాదు. ఈ దీవిదీ కాదు. మనం కూడా కాదు.

మనం ఇంతవరకు కట్టిందంతా విప్పేసిందే. ట్యాంకుకి రంగు ఆరగానే మన పైపులు దిగిపోతాయి. అంత ఎత్తున మనుషులు నిలబడ్డారన్న ఆనవాలు కూడా మిగలదు. ఈ ఒక్కదాన్ని మనం విప్పక్కర్లేదు. కట్టి, నిలబెట్టి, తలుపు వేసి, వెనక్కి తిరిగి రావచ్చు. లోపల రెండు ప్రాణులు పైనుంచి కిందికి జారుతుంటాయి, మనలాగా బెల్టు లేకుండా.

ఉపన్యాసం ఉండదు. ఒట్టు. కొలత తాడు సోమరాజు మేస్త్రి తెస్తాడు. చేతి గ్లౌజులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకి జాలీ అంచులు మడిచే పని.

శుక్రవారం. క్యాంపు వెనక, స్క్రాప్ గుట్ట పక్కన, నీళ్ల ట్యాంకు నీడలో. సాయంత్రం నాలుగు గంటలకి అందరూ రండి.'